ధర సంగతి సరే, తారీఖు సంగతేంటి?

పేదవాళ్లకు కంప్యూటర్ అందాలంటే ధర తగ్గాలి అనే మాట ఇరవై ఏళ్లకు పైగా వింటున్నాం. బెంగళూరులో సింప్యూటర్ అనే చేతిలో ఇమిడే చవక కంప్యూటర్ తయారు చేసినప్పుడూ అదే మాట. 2005లో అమెరికా ప్రొఫెసర్ నికొలస్ నెగ్రొపాంటే వంద డాలర్ల ల్యాప్‌టాప్ అంటూ దేశాలు తిరిగినప్పుడూ అదే మాట. 2011 అక్టోబరులో అప్పటి కేంద్ర మంత్రి కపిల్ సిబల్ ఆకాశ్ టాబ్లెట్ పట్టుకుని ఫొటోలు దిగినప్పుడూ అంతే. ఆ మూడింటిలో ఒక్కటి కూడా నల్లగొండ జిల్లా దేవరకొండలో నా షాపుకు రిపేరుకైనా రాలేదు.

నేను సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు అమ్ముతాను, రిపేర్లు చేస్తాను. సరుకు సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీ నుంచి తెస్తాను. పెద్ద ఆఫీసులు లీజు అయిపోయి వదిలేసిన డెల్ లాటిట్యూడ్‌లు, థింక్‌ప్యాడ్‌లు. బ్యాటరీ చూసి, కొత్త ఎస్‌ఎస్‌డీ వేసి, 8 జీబీ ర్యామ్‌తో 18 వేలకు ఇస్తాను. డిగ్రీ పిల్లలకు కావాల్సిన ఎక్సెల్, ట్యాలీ, కాస్త కోడింగ్, ఆన్‌లైన్ క్లాసులు అన్నీ దాంట్లో నడుస్తాయి. ఇప్పుడు చాలా ఇళ్లలో తండ్రి ఫోను, కొడుకు ఫోను కలిపితే అంతకన్నా ఎక్కువే అవుతుంది. అంటే ధర ఎప్పుడో అందుబాటులోకి వచ్చింది. అయినా 2017-18 జాతీయ నమూనా సర్వేలో దేశం మొత్తం మీద పల్లెల్లో కంప్యూటర్ ఉన్న ఇళ్లు నూటికి 4.4 మాత్రమే, పట్టణాల్లో 23.4. ఆ తర్వాత కరోనా వచ్చింది. 2020 సెప్టెంబరు 1న టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరి చానల్లో బడి పాఠాలు మొదలయ్యాక నా షాపులోకి అంతకుముందెన్నడూ రానివాళ్లు వచ్చారు. ఎంత అని అడిగేవాళ్లు తక్కువ. "ఎట్ల కట్టాలె అన్నా?" అనే ప్రశ్నే ఎక్కువ.

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే. వాడుకున్నకొద్దీ కట్టుకునే పద్ధతిని, అంటే ఫోన్ రీచార్జిలా డబ్బున్నప్పుడు కట్టి కంప్యూటర్ వాడుకుని చివరికి సొంతం చేసుకునే పద్ధతిని, నేను గట్టిగా సమర్థిస్తాను. కానీ దాన్ని ఇప్పుడు అమ్మజూస్తున్న తీరు మీద నాకు పేచీ ఉంది.

నా ఉద్దెర పుస్తకంలో ఒక పేజీ చెబుతాను. కొండమల్లేపల్లి దగ్గరి తండా నుంచి వచ్చిన ఒకామె ఖాతా అది. వానకు పండే నాలుగెకరాల చెల్క, పత్తి. భర్త పట్నంలో సెంట్రింగ్ పని. బిడ్డ ఇక్కడే డిగ్రీ కాలేజీలో బీకాం కంప్యూటర్స్. 18 వేల మిషన్. ఆగస్టులో భర్త పంపిన 2,000 కట్టింది. సెప్టెంబరు గడి ఖాళీ. అక్టోబరులో దసరా ముందు 500 కట్టి, "ఇది కూడ ఎందుకు తెచ్చిన్నంటే, నువ్వు మరిచిపోయినవనుకుంటవని" అంది. నవంబరు చివర్లో మొదటి ఏరుడు పత్తి అమ్మి 5,000. డిసెంబరులో 4,000. సంక్రాంతి దాటాక 3,000. ఫిబ్రవరి మళ్లీ ఖాళీ. మిరప ఏరడానికి ఖమ్మం వైపు పోయి వచ్చి మార్చిలో 1,500. ఏప్రిల్‌లో మిగతా 2,000. ఖాతా కొట్టేశాను.

ఇప్పుడు ఇదే మిషన్ ఆమె ఈఎంఐ మీద తీసుకుని ఉంటే లెక్క ఎలా ఉండేదో చూడండి. నూటికి రెండు రూపాయల మిత్తి, ఏడాది గడువు అనుకుందాం. నెలకు 1,500 అసలు, 360 మిత్తి, కలిపి 1,860. ఏడాదికి 22,320. రెండు రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ ప్రతి నెలా అసలు తరిగిపోతున్నా మిత్తి మాత్రం మొదటి రోజు 18 వేల మీదే పడుతుంది కాబట్టి అసలు రేటు ఏడాదికి 41 శాతం దాటుతుంది. దానికి ఫైల్ చార్జీ, జీఎస్టీ వేరే.

సరే, మిత్తి సంగతి అందరికీ తెలిసిందే. నాకు అంతకన్నా గుచ్చుకునేది ఇంకొకటి. ఆమె తొమ్మిది నెలల్లో బాకీ తీర్చేసింది. ఈఎంఐ గడువు కన్నా మూడు నెలలు ముందే. అయినా ఈఎంఐ కంపెనీ కంప్యూటర్లో ఆమె కనీసం సెప్టెంబరులో ఒకసారి, అక్టోబరులో ఒకసారి ఎగ్గొట్టిన మనిషి. ప్రతి నెలా ఐదో తారీఖున ఖాతాలో డబ్బు లేకపోతే బ్యాంకు బౌన్స్ చార్జీ ఒకటి, ఫైనాన్స్ వాళ్ల చార్జీ ఇంకొకటి, ఆ పైన సిబిల్‌లో మచ్చ. ముందే తీర్చిన మనిషిని డిఫాల్టర్ అనే లెక్క ఎక్కడైనా ఉందంటే అది నెల జీతం మనుషులు తమ కోసం రాసుకున్న లెక్క. పత్తి ఐదో తారీఖున పగలదు.

రిజర్వ్ బ్యాంకుకు ఈ సంగతి తెలియక కాదు. 2022 మార్చిలో ఇచ్చిన సూక్ష్మ రుణాల ఆదేశాల్లోనే, అప్పు తీసుకునేవాళ్ల అవసరాన్ని బట్టి కిస్తీల గడువు మార్చుకునే వెసులుబాటుకు ప్రతి సంస్థా ఒక విధానం పెట్టుకోవాలని ఉంది. ముందే తీరిస్తే జరిమానా వేయకూడదని కూడా ఉంది. అందులో సూక్ష్మ రుణం అంటే ఏడాది ఆదాయం మూడు లక్షల లోపు ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చేది. షాపులో వస్తువు మీద ఇచ్చే ఈఎంఐకి ఆ వెసులుబాటు నేను ఇంతవరకు చూడలేదు. నా కౌంటర్ పక్కన టేబుల్ వేసుకుంటామని వచ్చిన ఫైనాన్స్ కుర్రాళ్లను అడిగాను, నవంబరులో ఎక్కువ, జులైలో ఏమీ లేకుండా కిస్తీ పెట్టగలరా అని. "సిస్టం తీసుకోదు సార్" అన్నారు. పాపం వాళ్లేం చేస్తారు, వాళ్ల టార్గెట్ వాళ్లది.

చిన్న చిన్న మొత్తాలుగా కట్టించుకుంటే చాలు, పేదవాళ్లకు సరిపోతుందని కొందరంటారు. అదీ పూర్తిగా నిజం కాదు. మా బజారులో గిరిగిరి అనే రోజువారీ అప్పు నడుస్తుంది. పది వేలు అని రాసుకుని, పదిహేను వందలు ముందే కోసుకుని 8,500 చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. టిఫిన్ బండివాళ్లకు, పూలమ్మేవాళ్లకు ఇది నడుస్తుంది, ఎందుకంటే సాయంత్రానికి గల్లాలో ఏదో ఒకటి పడుతుంది. కూలికి పోయే ఇంట్లో వాన పడితే పని లేదు, పని లేని రోజు కూడా వంద అడిగేవాడు గుమ్మంలో ఉంటాడు. మొత్తం చిన్నదైనంత మాత్రాన మెడ మీద కత్తి తీసినట్టు కాదు. ఉన్నప్పుడు కట్టొచ్చు, లేనప్పుడు ఊరుకోవచ్చు అనేది వేరే విషయం. ఈ రెండింటినీ కలిపేసి "రోజుకు టీ ఖర్చు మాత్రమే" అని బోర్డు పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కంప్యూటర్ విషయంలో వాడుకున్నకొద్దీ కట్టు అనే ఆలోచన కొత్తదేం కాదు. మైక్రోసాఫ్ట్ 2006 మే నెలలో ఫ్లెక్స్‌గో పేరుతో ప్రకటించింది. ముందు బ్రెజిల్‌లో ప్రయత్నించారు. ధరలో కొంత ముందు కట్టి మిషన్ ఇంటికి తీసుకెళ్లాలి, మిగతాది ప్రీపెయిడ్ కార్డులు కొని గంటల లెక్కన కట్టుకోవాలి. గంటలు అయిపోతే మిషన్ ఆగిపోయి, కొత్త కార్డు నంబరు కొట్టమని మాత్రమే అడుగుతుంది. చదవడానికి బాగుంది. ఆ పథకం నిలవలేదు. ఎందుకు నిలవలేదో మైక్రోసాఫ్ట్ వాళ్లు చెప్పాలి గానీ, గంటల మీటరు మీద నా అనుమానం నాకుంది.

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర నెట్ సెంటర్ల కాలం గుర్తున్నవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. స్క్రీన్ మూలన టైం తిరుగుతుండేది. అందరం పని కాగితం మీద రాసుకుని పోయేవాళ్లం. రిజల్ట్ చూసుకోవడం, మెయిల్ పంపడం, ప్రింట్ తీయడం, లేచిపోవడం. ఒక్క బటన్ అదనంగా నొక్కి చూసినవాళ్లు లేరు. కంప్యూటర్ నేర్చుకోవడం అంటే పనిలేని పని చేయడమే. ఫోల్డర్లు తెరిచి మూయడం, ఫార్ములా తప్పు రాసి మళ్లీ రాయడం, యూట్యూబ్‌లో ఒక ముక్క చూసి ఆపి చేసి చూడడం. గంటకు ఇంత అని మీటరు తిరుగుతుంటే పిల్లలు ఇవన్నీ మానేస్తారు. పైగా కూలింటి పిల్లలే ముందు మానేస్తారు. అందుకే లెక్క గంటల్లో ఉండకూడదు, వారాల్లో ఉండాలి. వారం డబ్బు కట్టాక రాత్రంతా వాడుకున్నా అడిగేవాళ్లు ఉండకూడదు.

కెన్యాలో ఎం-కోపా అనే కంపెనీ ఈ పని సోలార్ దీపాలతో చేసింది, 2012 నుంచి. కొంత ముందు కట్టి దీపాల సెట్టు తెచ్చుకోవాలి, ఆ తర్వాత రోజుకు సుమారు 50 షిల్లింగులు ఫోన్‌లోంచి ఎం-పెసాతో (అక్కడి ఫోన్‌పే లాంటిది) కట్టాలి. సెట్టులో సిమ్ ఉంటుంది. కడితే వెలుగు, కట్టకపోతే ఆ రోజుకు చీకటి. మళ్లీ కట్టిన రోజు మళ్లీ వెలుగుతుంది, గడువు ఆ మేరకు ముందుకు జరుగుతుంది. ఏడాదికి సరిపడా రోజులు కడితే సెట్టు సొంతం. ఇంటి మీదికి వచ్చేవాడు లేడు, కట్టని రోజు మీద మిత్తి పేరుకుపోవడం లేదు. నాకు ఈ పద్ధతిలో నచ్చింది అదే. తర్వాత వాళ్లు స్మార్ట్‌ఫోన్లు కూడా ఇలాగే అమ్మడం మొదలుపెట్టారు.

అయితే దీపం ఆగితే చీకటి అవుతుంది, అంతే. ఫోన్ గానీ కంప్యూటర్ గానీ ఆగితే దాంతోపాటు మనిషి కాగితాలు ఆగుతాయి.

పోయిన ఎండాకాలం డిగ్రీ ఫైనలియర్ కుర్రాడొకడు ఫోన్ పట్టుకుని వచ్చాడు. స్క్రీన్ మీద ఒక ఫైనాన్స్ కంపెనీ పేరు, కింద ఒక నంబరు, ఇంకేమీ లేదు. ఎటు నొక్కినా కదలదు. రెండు కిస్తీలు ఆగాయట. "పైసలు అకౌంట్ల ఉన్నయన్నా, మా బావ ఏసిండు. కడ్దామంటే ఫోన్‌పే దీంట్లనే ఉండె" అన్నాడు. బాకీ కట్టడానికి కావాల్సిన ఫోన్‌నే బాకీ కోసం మూసేశారు! పరీక్ష ఫీజు కట్టడానికి ఓటీపీ కూడా ఆ నంబరుకే. లాక్ తీస్తావా అని అడిగాడు. అలాంటివి నేను ముట్టను. సిమ్ తీసి నా పాత ఫోన్‌లో వేసిచ్చాను, మా కౌంటర్ దగ్గరే నిలబడి ఏటీఎం కార్డుతో వెబ్‌సైట్‌లో కట్టాడు. అయినా లాక్ వెంటనే తెరుచుకోలేదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "అప్‌డేట్ అవుతుంది, వెయిట్ చేయండి" అనే మాటే. ఆ రోజు వాడి మొహంలో టెన్షన్ చూడాలి.

ఇలా ఫోన్లు మూసేయడం ఆపమని రిజర్వ్ బ్యాంకు 2024లో రుణ సంస్థలకు చెప్పిందనీ, అప్పు తీసుకున్నవాళ్ల సమ్మతితో మళ్లీ అనుమతించే ఆలోచనలో ఉందనీ 2025 సెప్టెంబరులో వార్తలు వచ్చాయి. సమ్మతి అంటే ఏమిటో షాపులో ఉన్నవాడిగా నాకు తెలుసు. ఇంగ్లీషులో పేజీలకు పేజీలు, కింద వేలిముద్ర లేదా ఓటీపీ. ఎవరూ చదవరు. చదివినా కాదనడానికి లేదు.

లాక్ అసలే వద్దంటారా అని అడిగితే, అలా అనను. తాకట్టు ఏమీ లేకపోతే ఎగ్గొట్టినవాళ్ల నష్టం కట్టేవాళ్ల మిత్తిలోకి ఎక్కుతుంది. అది కూడా అన్యాయమే. కానీ లాక్ దేనికి, దేనికి కాదు అనేది చట్టంలో రాసి ఉండాలి. డబ్బు కట్టే పేజీ తెరుచుకోవాలి. పరీక్షలకు, స్కాలర్‌షిప్‌కు, కాలేజీ దరఖాస్తులకు సంబంధించిన సైట్లు తెరుచుకోవాలి. లోపలున్న ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవడానికి ఎప్పుడూ వీలుండాలి. మిషన్ కంపెనీది కావచ్చు, ఆ పిల్ల రాసిన ప్రాజెక్టు కంపెనీది ఎలా అవుతుంది?

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ప్రీపెయిడ్ అనగానే పేదవాళ్ల పక్షం అనుకోకండి. ఒకప్పుడు పది రూపాయల రీచార్జి వేసుకుని నెలలు నడిపిన ఊళ్లు మావి. మిస్డ్ కాల్ ఇస్తే అవతలివాళ్లు చేసేవాళ్లు. 2018 చివర్లో ఇన్‌కమింగ్ ఉండాలన్నా నెలకు 35 రూపాయలు వేయాల్సిందేనని కంపెనీలు మొదలుపెట్టాయి. ఆ నెల కూడా 28 రోజులే, అంటే ఏడాదికి పదమూడు రీచార్జిలు. ముప్పై రోజుల ప్లాన్ ఒకటైనా పెట్టమని 2022లో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పాల్సి వచ్చింది. కట్టిన డబ్బుకు వాలిడిటీ ఎన్నాళ్లు అనేది కంపెనీ చేతిలో ఉన్నంతకాలం, మన వీలును బట్టి కట్టుకోవడం అనేది పోస్టర్ మీదే ఉంటుంది.

టీవీనే కంప్యూటర్‌గా మార్చే పథకాలు కూడా వచ్చాయి. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ లైను టీ-ఫైబర్ మొదలుపెట్టిన ఊళ్లలో మన నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. 2025లో జియో పీసీ వచ్చింది. ఇంట్లో టీవీ, లైను ఉన్నవాళ్లకు మంచి ప్రయత్నమే, కాదనను. కానీ అది అద్దె. ఎన్నేళ్లు కట్టినా చేతిలో ఏమీ మిగలదు. పైగా బిడ్డ నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీకో, పాలమూరు యూనివర్సిటీకో పోయి హాస్టల్లో చేరితే టీవీ వెంట పోదు.

మరి ఎవరు చేయాలి? నేను ఉద్దెర ఇవ్వగలిగేది మొహం తెలిసినవాళ్లకే, అదీ కొద్దిమందికే. పట్నంలో కూర్చున్న కంపెనీకి ఎవరి చేను ఎప్పుడు పగిలిందో తెలియదు. ఆ సంగతి తెలిసినవాళ్లు, డబ్బు లెక్క రాయడం వచ్చినవాళ్లు ఇప్పటికే ప్రతి ఊళ్లో ఉన్నారు: మహిళా సంఘాలు. నా ప్రతిపాదన గ్రామ సంఘం, అంటే వీవో, సొంతంగా మిషన్లు కొని పెట్టుకోవాలని. పది మిషన్లకు 1,80,000. ఒక బర్రెల లోను కన్నా పెద్ద విషయం కాదు.

ఒక్కో మిషన్ సభ్యురాలికి 20 వేలు. అందులో 2,000 రిపేర్లకు, నష్టాలకు నిధి. తీసుకునేటప్పుడు 2,000 కట్టాలి. మిగతా 18 వేలు 150 రూపాయల చొప్పున 120 వారం కూపన్లు. ఒక కూపన్ అంటే ఒక వారం మిషన్ ఇంట్లో ఉంటుంది. జూన్‌లో ఒకటి కొనొచ్చు, నవంబరులో ముప్పై కొనొచ్చు. కూపన్‌కు గడువు తీరడం అనేది ఉండదు. 120 ఎప్పుడు నిండితే అప్పుడు మిషన్ ఆమెది, తొమ్మిది నెలలైనా సరే, మూడేళ్లైనా సరే. విత్తనాలు, ఫీజులు ఒకేసారి మీద పడే రోజుల కోసం ఏడాదికి ఎనిమిది వారాలు కూపన్ లేకపోయినా ఎవరూ అడగకూడదు. అది దాటితే మిషన్ సంఘం ఆఫీసుకు వస్తుంది, పిల్ల అక్కడికే వచ్చి వాడుకోవచ్చు. డబ్బు కుదిరినప్పుడు మళ్లీ ఇంటికి. అసలే వద్దనుకుంటే తిరిగి ఇచ్చేయాలి, ఆ రోజుతో బాకీ రద్దు. ఏడాది వాడిన మిషన్ బాగుంటే నేనే పదకొండు, పన్నెండు వేలకు వెనక్కి తీసుకుంటాను.

ఇది విన్నవాళ్లలో చాలామంది నవ్వలేదు గానీ, ఒక పెద్దామె మాత్రం నిలదీసింది. "మళ్ల గ్రూపోళ్లొచ్చి మా ఇంటి ముందట కూసుంటరా?" అని. ఆమె అడిగింది 2010 గురించి. మైక్రోఫైనాన్స్ కంపెనీలు వారం వారం వసూళ్లకు వచ్చిన రోజులు, ఒకరు కట్టకపోతే మిగతా ఆడవాళ్లను వాళ్ల ఇంటికి తోలిన రోజులు, ఆత్మహత్యలు. ఆ అక్టోబరులో ఉమ్మడి ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి, ఇంటి మీదికి పోయి వసూలు చేయడాన్ని ఆపింది, మిత్తి అసలును దాటకూడదంది. ఆ తర్వాత కంపెనీలు కుదేలయ్యాయి, అప్పు పుట్టక జనమూ ఇబ్బంది పడ్డారు, అది వేరే కథ. ఆమె భయం మాత్రం న్యాయమైనది. సంఘం చేతికి మిషన్లు ఇచ్చి, ఒకరి బాకీకి అందరూ జమానతు అంటే మళ్లీ అదే మొదలవుతుంది. అందుకే ఉమ్మడి జమానతు అనే మాటే తీర్మానంలో ఉండకూడదని నా పట్టు. తాకట్టు మిషనే. నష్టం వస్తే నిధిలోంచి. అది చాలకపోతే వచ్చే ఏడాది రెండు మిషన్లు తక్కువ కొంటారు, కొంప మునగదు.

దీనికి ఎదురు వాదన ఒకటి బలంగానే ఉంది. వీవోలో పెద్ద గొంతు ఉన్నవాళ్ల పిల్లలకే పది మిషన్లూ పోతాయని. పోవచ్చు, లోన్ల విషయంలో చూస్తూనే ఉన్నాం. చీటీలు తీయాలి, డిగ్రీలో, పాలిటెక్నిక్‌లో ఉన్న పిల్లల ఇళ్లే ముందు అనాలి. ఇంతకన్నా మంచి ఉపాయం నాకు తట్టలేదు.

మా పక్క ఊరి వీవో ఈ సంగతి మీటింగులో పెట్టింది, నన్నూ పిలిచారు. మిత్తి గురించి, లాక్ గురించి చెప్పడానికి కాగితాలు పట్టుకుని పోయాను. మహిళా సంఘాల పనులు చూసే సీసీ మేడం అవేవీ అడగలేదు. "చార్జర్ పోతే ఎవలు కొనాలె సార్?" అంది మొదటి మాటగా. అరగంట దాని మీదే నడిచింది. చార్జర్, కీబోర్డు, బ్యాటరీ ఏడాది వరకు నాది. స్క్రీన్ పగిలితే సగం నిధిది, సగం ఇంటివాళ్లది. నీళ్లు పడితే మొత్తం ఇంటివాళ్లదే. పిల్లి తంతే పడిందంటే ఏం చేద్దామని ఎవరో అన్నారు, దాన్ని మాత్రం వచ్చే మీటింగుకు వాయిదా వేశారు.